ఎర్రజెండా కింద టెంకాయ

సముద్రతీరంలో జనాన్ని ప్రమాదం నుంచి ఎలా హెచ్చరించాలో కనిపెట్టే పని మా కాలేజీకి వచ్చింది. మా కాలేజీ ఎర్రగుంట్ల దాటాక, సిమెంటు లారీలు తిరిగే దారి పక్కన ఉంటుంది. తరగతి గది కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఇక్కడి నుంచి సముద్రం చేరాలంటే కోడి కూయకముందే బయలుదేరాలి. అయినా ప్రాజెక్టు మాకే వచ్చింది. మా హెచ్‌వోడీ సారు దరఖాస్తులో రాసిన వాదన అంత గట్టిది. మన రాష్ట్రానికి పొడవైన తీరం ఉంది. మన కాలేజీ మన రాష్ట్రంలో ఉంది. కాబట్టి తీరం బాధ్యత మనది కూడా. పైన కూర్చుని దాన్ని చదివినవాళ్ళకు ఇందులో తప్పేమీ కనబడలేదు.

నేను ఆ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే అతిథి అధ్యాపకురాలిని. అతిథి అన్నమాటే గానీ టీ నేనే తెచ్చుకోవాలి. ఒకరోజు సారు పిలిచి, "నువ్వు సముద్రం చూసినావామ్మా?" అని అడిగారు. చిన్నప్పుడు ఒకసారి, మద్రాసులో, బస్సు కిటికీలోంచి చూశానని చెప్పాను.

"అయితే మన డిపార్టుమెంటులో అనుభవం ఉండేది నీకే" అని ఫైలు నా చేతిలో పెట్టారు. సారు సముద్రాన్ని క్యాలెండర్లలోనే చూశారు.

నాకు నీళ్ళంటే భయం. నీళ్ళ మధ్య పెరిగినదాన్నయితే ఆ భయానికి ఒక కొలత ఉండేది. నేను పెరిగింది పత్తికొండ వైపు. అక్కడ నీళ్ళు లేవన్న భయమే గానీ నీళ్ళున్నాయన్న భయం ఎవరికీ లేదు. పాప పుట్టాక నాకు ఈ రెండోది పట్టుకుంది. బకెట్టులో నీళ్ళు పోసి, తువాలు కోసం లోపలికి వెళ్ళి వచ్చేలోపు ఏమవుతుందోనని తువాలు ముందే భుజాన వేసుకునే రకం నేను. పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. తువాలు ఇంకా నా భుజం మీదే ఉంది.

అలాంటి మనిషి చేతికి సముద్రం ఫైలు వస్తే ఏమవుతుంది? పాప నిద్రపోయాక కూర్చుని చదివాను. అలలు ఎక్కడ విరగకుండా నీళ్ళు నిమ్మళంగా కనబడతాయో, చాలాసార్లు అక్కడే మనిషిని లోపలికి లాక్కుపోయే పాయ ఉంటుందట. చూడ్డానికి భయం లేని చోటే అసలు భయపడాల్సిన చోటు. ఈ సంగతి నాలాంటిదానికి చెప్పకూడదు. ఆ తర్వాత నిమ్మళంగా ఉన్న ప్రతిదాన్నీ అనుమానంగా చూశాను. మా ఆయన పేపరు చదువుతూ పలక్కుండా కూర్చున్నా అనుమానమే.

ఇంకొకటి కూడా చదివాను. అలల హోరులో మనిషి గొంతు ఎంతో దూరం పోదు. ఒడ్డున తల్లి అరుస్తూనే ఉంటుంది, నీళ్ళలో బిడ్డ నవ్వుతూనే ఉంటుంది. ఆ వాక్యం దగ్గర నేను లేచి వెళ్ళి పాప పక్కన పడుకున్నాను.

కాబట్టి ఈ ప్రాజెక్టు నుంచి నాకు కావలసింది ఒక్కటే. పాప నీళ్ళలో ఉండి, నేను ఒడ్డున ఉంటే, ఆ క్షణంలో పాపను వెనక్కి తిప్పే ఒక్క సంకేతం. సారుకు కావలసింది రిపోర్టు. చివర్లో అందరం తీరానికి వెళ్ళి పరీక్ష చేయాలని తెలిశాక మా అత్తకు కావలసింది సముద్ర స్నానం. ముగ్గురం ఒకే ప్రాజెక్టులో పనిచేశాం.

మొదట పాపకు చేతి సైగ నేర్పాను.

"నీళ్ళలో భయమేస్తే ఒక చెయ్యి పైకెత్తి ఇట్ల ఊపాల. సరేనా?"

"మా, మిస్ అడిగినప్పుడు జవాబు తెలిస్తేనే చెయ్యి ఎత్తాల. తెలీకుండా ఎత్తితే తిడతాది."

"ఇది స్కూలు కాదు నాన్నా, సముద్రం."

"సముద్రంలో మిస్ ఉండాదా?"

"లేదు."

"మల్ల ఎవురు చూస్తారు?"

ఈ ప్రశ్నకు జవాబు కోసం దరఖాస్తులో వెతికాను, అందులో లేదు.

తర్వాత విజిల్ తెచ్చాను. ఒకసారి ఊదితే నన్ను చూడాలి, రెండుసార్లు ఊదితే వెంటనే రావాలి. పాప మిద్దె మీద పక్కింటి పిల్లలతో ఆడుకుంటుంటే కింద వాకిట్లో నిలబడి ఊదాను. పాప తిరిగి చూడలేదు. రెండుసార్లు ఊదాను. వంటింట్లోంచి మా అత్త అరిచింది.

"ఏమ్మే, కుక్కరు కూస్తాంటే ఆడ నిలబడుకోని ఏం చేస్తాండావు? పోయి దించు!"

"అది నేను ఊదింది అత్తా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? కుక్కరుకు నువ్వు ఊదేదేంది?"

నేను మూడోసారి ఊపిరి బిగపట్టి విజిల్ నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే వీధి మలుపులో నీళ్ళ ట్యాంకరు హారన్ మోగింది.

మా వీధి గురించి ఒక మాట చెప్పాలి. మా కుళాయిల్లో ఎక్కువగా గాలి వస్తుంది. నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. ఎప్పుడొస్తుందో డ్రైవరుకు తప్ప ఎవరికీ తెలియదు, కొన్నిసార్లు అతనికి కూడా తెలియదు. మలుపు దగ్గర ఒకసారి, వీధిలోకి వచ్చాక ఇంకోసారి, రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొడతాడు. అంతే. ఎవరి కోసమూ ఆగడు. ఆ చప్పుడు వినగానే మా ఇంట్లో ఎవరి పని వాళ్ళకు ఉంది. పాప తన చిన్న గులాబీరంగు బిందె పట్టుకుని అందరికన్నా ముందు పరిగెత్తి వరసలో జాగా పట్టుకుంటుంది. వెనకాలే మా అత్త వెళ్ళి, ఆ జాగాను ఎవరూ కదిలించకుండా కొట్లాడుతుంది. పైపు పట్టేది మా ఆయన, బిందెలు మోసేది నేను. పిల్లకు నడవడం నేర్పిన రోజుల్లోనే ఈ పరుగు కూడా నేర్పాం.

ఆ రోజు కూడా అంతే. మిద్దె మెట్ల మీద పాప కాళ్ళ చప్పుడు, వాకిట్లో బిందెల చప్పుడు. రెప్పపాటులో ఇల్లు ఖాళీ అయింది. విజిల్ నోట్లో పెట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను. పాప ఆ చిన్న బిందె పట్టుకుని పరిగెత్తడం మా అమ్మకు పంపిద్దామని ఫోన్ తీసి, రెండోసారి కొట్టిన హారన్‌తో సహా వీడియో పట్టాను. సంకేతాల మీద పరిశోధన చేస్తున్న మనిషిని. నా కళ్ళ ముందు జరిగింది మాత్రం నాకు పరిశోధన అనిపించలేదు. వీడియో ముద్దుగా వచ్చిందనిపించింది.

సముద్రం దగ్గరికి పోయే ముందు ఒకసారి దగ్గర్లోనే పరీక్ష చేయాలని సారు అన్నారు. దగ్గర్లో సముద్రం లాంటిది ఏముంది? పెన్నా ఉంది. నీళ్ళు లేవు గానీ ఇసుక బోలెడంత ఉంది. "సముద్రంలో సగం ఇసుకేగా, సగం పరీక్ష ఈడ అయిపోతాది" అన్నారు సారు. కాలేజీ పిల్లలను తీసుకుని పెన్నా ఇసుకలో దిగాం. మూడు జెండాలు పాతాం. ఎర్రది అంటే నీళ్ళలోకి దిగకూడదు. పసుపుది అంటే జాగ్రత్త. సగం ఎరుపు సగం పసుపు ఉన్నది అంటే కాపలా ఉంది, ఇక్కడ దిగొచ్చు. పక్కనే లౌడ్ స్పీకరు పెట్టి, సారు రాసిన ప్రకటనను సారే చదివారు.

"ప్రియమైన సందర్శకులారా! ప్రస్తుత జలప్రవాహ పరిస్థితుల దృష్ట్యా లోతట్టు ప్రాంతాలకు వెళ్ళరాదని సవినయంగా మనవి చేయడమైనది."

మేకలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి, మొత్తం ఓపికగా విన్నాడు. విని, "ఏం అమ్ముతాండారు సార్?" అని అడిగాడు.

ఆయన తప్పేమీ లేదు. మా ఊళ్ళో మైకు మోగితే ఎవరో ఏదో అమ్ముతున్నారని అర్థం. ప్లాస్టిక్ కుర్చీలు, ఉల్లిగడ్డలు, ట్యూషన్లు, ఓట్లు. చెవులు వాటంతట అవే మూసుకుంటాయి.

పసుపు జెండా చూసి ఇద్దరు ముగ్గురు ఏ పార్టీ అని అడిగారు. రెండు రంగులది చూసి, "ఇద్దరూ కలిసిపోయినారా ఏంది? మాకు చెప్పనే లేదే" అని ఒక పెద్దాయన బాధపడ్డాడు. ఎర్రజెండాను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మాకు సంతోషమేసింది. అందరికీ అర్థమైందని సారు రాసుకున్నారు. ఆ రాత్రికి జెండాలు అక్కడే వదిలి వచ్చాం.

మర్నాడు వెళ్ళి చూస్తే ఎర్రజెండా కర్రకు పసుపు పూసి ఉంది. కర్ర మొదలు దగ్గర కొట్టిన టెంకాయ, నిమ్మకాయలు, ఆరిపోయిన ఊదుబత్తీలు. ఒకామె పసిబిడ్డను జెండా నీడలో పడుకోబెట్టి మొక్కుకుంటోంది. మా వైపు నేల మీద జెండా పాతారంటే అక్కడ ఎవరో వెలిశారని అర్థం. గంగమ్మ కావచ్చు, ఆంజనేయుడు కావచ్చు, దర్గా కావచ్చు. ఏదైనా సరే దగ్గరికి పోవాలి, దండం పెట్టుకోవాలి. జెండాను చూసి దూరం జరిగే అలవాటు మాకు ఎవరూ నేర్పలేదు.

"సార్, మనం పోవద్దని పాతిన చోటికే జనం వస్తాండారు" అన్నాను.

సారు టెంకాయ చిప్పను తీసి పక్కన పెట్టారు. "ఇది శాంపిల్ లోపం అమ్మా. సముద్రం దగ్గర ఇట్ల జరగదు. ఆడ నీళ్ళుంటాయి గదా, జనం భయపడతారు."

అసలు పరీక్షకు సముద్రం అలవాటు లేని సామాన్య జనం కావాలన్నది ప్రాజెక్టు షరతు. సముద్రం అలవాటు లేని జనం ఎక్కడ దొరుకుతారని సారు దిగులుపడ్డారు. నేను మా వీధి పేరు చెప్పాను. మా వీధి మొత్తం ఈ పరీక్షకు అర్హులే. టెంపో మాట్లాడాం. మా అత్త, మా ఆయన, పాప, ఎదురింటి అక్క, ఆమె పిల్లలు, ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు ఎక్కారు. వరసలో బిందెకు బదులు ముందే రాయి పెట్టి జాగా ఉంచుకున్నారని ఎదురింటి అక్కకూ మా అత్తకూ ట్యాంకరు దగ్గర ప్రతిసారీ యుద్ధమే. ట్యాంకరు పోయాక ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటారు. సారూ పిల్లలూ కాలేజీ జీపులో ముందు పోయారు.

దారి పొడుగునా నేను పాపకు పాఠం చెబుతూనే ఉన్నాను. రాజంపేటలో టీకి ఆగినప్పుడు మా అత్త చేత ఒట్టు వేయించుకున్నాను.

"మోకాలి లోతు దాటి పాపను తీసుకుపోకూడదు అత్తా."

"ఎవురి మోకాలు? నాదా, పాపదా?"

"పాపది."

"అంత లోతు మన బకెట్లోనే ఉంటాది. దానికోసం ఇంత దూరం వస్తిమా?" అంది గానీ ఒట్టయితే వేసింది.

నెల్లూరు దాటి తీరం చేరేసరికి ఎండ ఎక్కింది. టెంపో దిగి అందరూ ఒక్కసారి సముద్రాన్ని చూశారు. ముందు మా అత్తే తేరుకుంది.

"ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని మనకు ట్యాంకరు పంపిస్తాండారా?"

ఎదురింటి అక్క వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టి, "తోబా! ఉప్పు" అంది.

"అట్లనా? అయితే మనకు పంపకపోవడమే మేలు" అని మా అత్త సముద్రాన్ని క్షమించింది.

సారు మనుషులు అప్పటికే అక్కడి మత్స్యకారులను అడిగి జెండాలు పాతారు. ఒక పక్క నీళ్ళు నిమ్మళంగా కనబడుతున్నాయి, ఈరోజు అక్కడే లాగుతున్నాయని వాళ్ళు చెప్పారట. అక్కడ ఎర్రజెండా. దానికి దూరంగా, అలలు విరుగుతున్న చోట రెండు రంగుల జెండా. ఇసుక దిబ్బ మీద లౌడ్ స్పీకరు, దాని పక్కన నేను. మా ఆయన ఇంకో బ్యాటరీ కోసం టెంపో దగ్గరికి వెళ్ళాడు. పాప మా అత్త చేతిలో ఉంది. మోకాలి ఒట్టు ఉంది. నేను తల వంచి వైర్లు కలుపుతున్నాను.

తల ఎత్తేసరికి మా అత్త ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో పసుపు కుంకాల పళ్ళెం పట్టుకుని ఎర్రజెండా దగ్గర ఉంది. పక్కన ఎదురింటి అక్క కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. మా వీధిలో మిగతావాళ్ళు వెనకాల వస్తున్నారు. అంత పొడుగు తీరంలో, ఎక్కడా దిగకుండా, పోకూడదని మేము గుర్తు పెట్టిన ఒకే ఒక్క చోటికి వరసగా నడిచి వెళ్ళారు. అక్క ఏమందో తర్వాత తెలిసింది. "ఏ దేవుడిదో గానీ, జెండా అంటే జెండానే గదా అమ్మా" అందట. మా అత్త కర్రకు పసుపు పూసింది. గంగమ్మకు మొక్కి, నిమ్మళంగా ఉన్న నీళ్ళు చూసి, ఈడయితే అలలు లేవు బిడ్డకు మంచిది అనుకుని దిగింది.

విజిల్ ఊదాను. ఒకసారి, రెండుసార్లు, ఊపిరి ఉన్నంతసేపు ఊదాను. మా అత్త తల తిప్పలేదు. సముద్రంలో కుక్కరు దించాల్సిన పని ఆమెకు లేదు.

సారు మైకు అందుకున్నారు. "ప్రియమైన సందర్శకులారా..."

"సార్, పాప పేరు పెట్టి పిలవండి!"

"ఉండమ్మా, మొదలుపెట్టినాక మధ్యలో ఆపకూడదు. ప్రస్తుత జలప్రవాహ పరిస్థితుల దృష్ట్యా..."

పాప నడుము లోతులో ఉంది. నేను చెయ్యెత్తి పిచ్చిగా ఊపాను. పాప నన్ను చూసింది. నవ్వుతూ తనూ చెయ్యెత్తి ఊపింది. అది ఆపదలో ఎత్తిన చెయ్యో, జవాబు తెలిసి ఎత్తిన చెయ్యో నాకు తెలియలేదు. అప్పుడే మా అత్త కాళ్ళ కింద ఇసుక జారింది. ఆమె చటుక్కున నీళ్ళలో కూలబడింది. పళ్ళెం తేలుతూ ఒడ్డుకు రాకుండా లోపలికి పోసాగింది. ఆ పళ్ళెం పోయే దారి చూశాక నాకు ఇంకేమీ కనబడలేదు.

ఏం ఆలోచించానో చెప్పలేను. ఆలోచించలేదు. ఫోనుకు లౌడ్ స్పీకరు వైరు తగిలించి ఉంది. నా వేలు వెళ్ళి ఆ వీడియో మీద పడింది.

రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్.

సముద్రం మీద అంత పెద్ద చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. దాని వెనకాలే, వీడియోలో ఉన్న మా అత్త గొంతు తీరమంతా మోగింది. "రాండి, రాండి! జాగా పోతాది! ఆ ఎదురింటిది యాడ పెట్టిందో చూడండి, దొంగతనంగా రాత్రే రాళ్ళు పెట్టి పోయింటాది!"

పాప తల తిరిగింది. ఇంకేదీ చూడలేదు. నీళ్ళను చీల్చుకుని, మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ ఒడ్డుకు పరిగెత్తింది. కూలబడిన మా అత్త ఎలా లేచిందో తెలియదు, చీర కుచ్చిళ్ళు చేత పట్టుకుని పాప వెనకాలే వచ్చింది. ఎదురింటి అక్క తన పిల్లలను చెరో చేత్తో ఈడ్చుకుంటూ వచ్చింది. మా వీధి మొత్తం, ఎవరూ ఎవరినీ పిలవకుండా, సముద్రంలోంచి నీళ్ళ కోసం పరిగెత్తుకు వచ్చింది. వేరే ఊళ్ళ వాళ్ళు నీళ్ళలో నిలబడి వింతగా చూశారు.

నేనూ పరిగెత్తాను. ఇసుకలో పడి లేచి, తడి ఇసుక మొదలయ్యే చోటు దాకా వెళ్ళాను. అక్కడ నా కాళ్ళు ఆగాయి. పాప వచ్చి నా కడుపుకు కొట్టుకుంది. గట్టిగా పట్టుకున్నాను. పాప విడిపించుకుంటూ ఏడుస్తోంది. భయంతో కాదు.

"నా బిందె యాడ మా? జాగా పోతాది!"

మా అత్త ఆయాసపడుతూ నాలుగు పక్కలా చూసింది. "ట్యాంకరు యాడుండాది?"

"లేదు అత్తా."

"లేదా? మల్ల కొట్టిందెవురు?"

ఈలోపు ఎదురింటి అక్క దిబ్బ మీది లౌడ్ స్పీకరు వైపు, తర్వాత మా అత్త వైపు చూసింది.

"ఏమ్మా, నేనా రాత్రే రాళ్ళు పెట్టి పోయేది?"

"నేను అట్ల అనలే."

"ఊరంతా విన్నాది. సముద్రం కూడా విన్నాది. అల్లా కూడా విన్నాడు!"

"పెట్టేదానివి కాబట్టే అనింటా!"

చావు తప్పి ఒడ్డెక్కిన ఇద్దరు ఆడవాళ్ళు తడి చీరలతో, ఎర్రగుంట్ల వీధిలో రాళ్ళ గురించి సముద్రం ఒడ్డున కొట్లాడుకున్నారు. బ్యాటరీ మోసుకుని అప్పుడే వచ్చిన మా ఆయన, "ఏమైంది?" అని నన్ను అడిగాడు. నేను ఇసుకలో కూర్చుండిపోయాను. పసుపు కుంకాల పళ్ళెం అప్పటికి చాలా దూరంలో చుక్కలా మెరుస్తోంది.

సారుకు ఒక్కటే బాధ. ప్రకటన పూర్తి కాకుండానే ప్రయోగం చెడిపోయింది. తిరుగు దారిలో మాత్రం ఆలోచించి ఉంటారు. రిపోర్టులో ఆ హారన్‌కు "ప్రాంతీయ అలవాటు మీద ఆధారపడిన ధ్వని సంకేతం" అని పేరు పెట్టారు. ఎర్రజెండా సంగతి వద్దన్నారు. "టెంకాయ అని రాస్తే మనల్ని సైన్సు వాళ్ళనుకోరు" అన్నారు. జనం అదే జెండా దగ్గరికి మళ్ళీ పోతారు సార్, రాయకపోతే ఎట్ల అని నేను పట్టుబడితే, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాయనిచ్చారు.

పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఈ హారన్‌కు తీరంలో ఉండే జనం కూడా స్పందిస్తారా? సారు ఒకరోజంతా ఆలోచించి జవాబు రాశారు. ఈ సంకేతం పనిచేయాలంటే ముందు జనానికి కొన్నేళ్ళ పాటు నీటి ఎద్దడి ద్వారా శిక్షణ అవసరమనీ, మా ప్రాంతంలో ఆ దశ ఇప్పటికే విజయవంతంగా పూర్తయిందనీ రాశారు. అందులో వెటకారం ఏమీ లేదు. సారుకు వెటకారం రాదు. ఆ జవాబు పైవాళ్ళకు నచ్చింది, రెండో దశకు అనుమతి వచ్చింది.

నాకు కూడా, కొన్ని రోజులు, ప్రాణం కుదుటపడింది. పాపను తిప్పే సంకేతం దొరికింది కదా. ఎక్కడికి పోయినా ఫోన్ చేతిలో ఉంటే చాలు అనుకున్నాను. భుజం మీది తువాలు తీసి దండెం మీద వేశాను.

ఆ వారంలోనే మా వీధికి ట్యాంకరు వచ్చింది. రెండు పొట్టి, ఒక పొడుగు. మా అత్త బిందెలు అందుకుంది. నేను వాకిట్లోకి వచ్చాను. పాప అరుగు మీద కూర్చుని బొమ్మకు జడ వేస్తోంది. లేవలేదు.

"ఏయ్, ట్యాంకరు! పో!"

పాప తల ఎత్తి నా చేతుల వైపు చూసింది. "ఫోను యాడ పెట్టినావు మా? నువ్వే కొడతాండావు."

"నేను కాదు నాన్నా, నిజం ట్యాంకరు."

"ఆ పొద్దు సముద్రం కాడ కూడా అట్లనే అనిపించినావు."

నేను చేతులు రెండూ చాపి చూపించాను. పాప అప్పటికీ నమ్మక, వీధిలోకి వెళ్ళి కళ్ళారా ట్యాంకరును చూసి, మళ్ళీ ఇంట్లోకి వచ్చి బిందె తీసుకుంది. ఈలోపు జాగా పోయింది. ఎదురింటి అక్క బిందె ముందుంది. ఆ పూట మాకు చివరి నీళ్ళు, అడుగున ఇసుకతో వచ్చాయి. మా అత్త ఎదురింటి వాళ్ళను వదిలి నన్ను తిట్టింది.

ఒక్కసారి వాడాను. బిడ్డను బతికించుకోవడానికే వాడాను. అయినా ఆ హారన్ ఇక నాది కాదు, డ్రైవరుదే. ఇప్పుడు మా అత్త మళ్ళీ సముద్రానికి పోదామంటోంది. పళ్ళెం గంగమ్మ స్వయంగా తీసుకుందట, అంత అదృష్టం అందరికీ దొరకదట, ఈసారి చీర పెట్టాలట. సారు రెండో దశ మొదలుపెట్టారు. మా ఆయన మాత్రం తేలిగ్గా ఒక దారి చెప్పాడు.

"ట్యాంకరు వాణ్ణే మాట్లాడుకోని సముద్రానికి పిలుచుకుపోదాం. పాప నమ్ముతాది."

నేను నవ్వలేదు. ఎంత దూరం అవుతుందో కాసేపు నిజంగానే లెక్కేశాను. అది చూసి ఆయన నవ్వు ఆపేశాడు.

ఆ రాత్రి పడుకోబెడుతూ పాపనే అడిగాను. "మల్ల సముద్రానికి పోతే, నువ్వు నీళ్ళలో ఉంటే, నేను నిన్ను ఎట్ల పిలవాల?"

పాప దీర్ఘంగా ఆలోచించింది. పరిశోధకులు ఇంత ఆలోచించడం నేను చూడలేదు.

"నువ్వు వచ్చి పిలువు."

"యాడికి?"

"నీళ్ళల్లోకి. ఇసుకలో నిలబడుకోని హారన్ కొట్టేదెందుకు? వచ్చి చెయ్యి పట్టుకో."

మేము చదివినవాటిలో, రాసినవాటిలో, పిలిచే మనిషి ఎప్పుడూ ఒడ్డునే ఉన్నాడు. జెండా ఒడ్డున, మైకు ఒడ్డున, విజిల్ ఒడ్డున. తల్లి నీళ్ళలోకి దిగడం అన్న పద్ధతి మా పట్టికలో ఏ వరసలోనూ లేదు. తడి ఇసుక దగ్గర నా కాళ్ళు ఆగడం పాప చూసింది.

మర్నాడు సాయంత్రం కడపలో పెద్దవాళ్ళకు ఈత నేర్పే చోటు ఉందని తెలిస్తే వెళ్ళాను. పాపను కూడా తీసుకెళ్ళాను. గేటు దాటి లోపలికి నడిచాను. కొలను అంచున నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి పీల్చుకుని తెరిచాను. నీలం రంగు పలకలు, అడుగున ఎండుటాకులు, మధ్యలో ఒక పిల్లి నిద్రపోతోంది.

"నీళ్ళు లేవు మేడం" అన్నాడు అక్కడి ఉద్యోగి. "మాట్లాడినాం. ట్యాంకర్లు రాగానే ఫోన్ చేస్తాం."

పాప ఆయన వైపు అనుమానంగా చూసింది.

"నిజం ట్యాంకరేనా?" అని అడిగింది.